చుక్కలూరి కథ చెప్పినాయన

మొన్న మధ్యాహ్నం మా మనవరాలు టీవీ ముందు కూర్చుని ఏదో ఇంగ్లీషు సీరియల్ చూస్తోంది. ఆకాశంలో పోయే ఓడ, దాంట్లో మనుషులు, వాళ్ళు దిగిన ఊర్లో మహమ్మారి. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. మోకాళ్ళకు నూనె రాసుకుంటూ ఒక కంట చూస్తున్నాను.

"ఆ చిరచిరలాడే ముసలాయన ఉన్నాడే, ముందు ఆయన పోతాడు," అన్నాను.

కాసేపటికి పోయాడు.

"ఇంక ఆ డాక్టరుకు తగులుతుంది. ఎవరికీ చెప్పడు. చేతులు దాచుకుంటాడు చూడు."

దాచుకున్నాడు. పిల్ల నా వైపు తిరిగి, "అవ్వా, నువ్వు దీన్ని ముందే చూసినావా?" అంది.

"చూళ్ళేదు, విన్నాను. ఆ మూలనున్న ముసలామె మొదటినుంచీ నిజమే చెబుతోంది, ఎవరూ వినరు. మందు దొరుకుతుందిలే, కానీ అందరూ ఆశ వదులుకున్నాక."

దానికి కోపం వచ్చి టీవీ శబ్దం పెంచింది. అంతా చెప్పేస్తే ఇంక చూసేదేముందని దాని బాధ. న్యాయమే. నాకూ చెప్పాలని లేదు, ఈ వయసులో చెప్పడం కంటే ఊరుకోవడమే సుఖంగా ఉంటోంది. కానీ ఆ రోజంతా ఆ కథ నాకు చెప్పినాయన నా కళ్ళముందు నుంచి కదల్లేదు.

ఆయన టీవీ అన్న మాట వినకుండానే పోయాడు. ఇంగ్లీషు రాదు, తెలుగు అక్షరాలు కూడా కూడబలుక్కోవాలి. అయినా ఆ ఓడవాళ్ళ కథ వాళ్ళకంటే బాగా చెప్పేవాడు. నా ఉద్యోగంలో ఎందరినో చూశాను, చాలామంది పేర్లు మరిచిపోయాను. ఆయన పేరు మాత్రం గుర్తుంది. రాయను. ఎందుకు రాయడం లేదో ఆయన పద్ధతి తెలిస్తే మీకే అర్థమవుతుంది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. అక్కడ ఆఫీసులు డేరాల్లో నడుస్తున్నాయని వింతగా చెప్పుకునేవాళ్ళు. నేను నర్సు చదువు ముగించి బనగానపల్లెకు అవతల ఒక చిన్న ఆస్పత్రిలో కొత్తగా చేరాను. ఎండలు ముదిరితే బావులు అడుగంటేవి, ఆ అడుగు నీళ్ళతోనే కలరా వచ్చేది. వాంతిభేది అని పూర్తిగా పలకడానికి కూడా భయపడి కొందరు 'అది' అని ఊరుకునేవాళ్ళు. మేం సూదిమందు పెట్టుకుని ఎద్దులబండిలో ఊరూరూ తిరగాలి. తెల్లచీర కనబడితే చాలు, జనం వంకల్లోకి, గుట్టల్లోకి పరుగు. ఆడవాళ్ళు మగవాళ్ళకు చెయ్యి చాపరని నన్ను పంపారు కానీ, నాకు మాత్రం ఎవరు చాపారు?

మా డాక్టరు గారు ఏదో జాతరలో కథ చెబుతున్న ఆయన్ని చూసి పట్టుకొచ్చారు. ఉపాయం సులువు. ఆయన కథ మొదలుపెడతాడు, జనం చేరతారు. కథ మంచి పట్టులో ఉండగా తంబూర కింద పెట్టేస్తాడు. సూది వేయించుకున్నవాళ్ళకే తక్కిన కథ. "సూది పడితేనే చుక్కలూరికి మందు దొరుకుతాది. లేకుంటే అందరూ సచ్చేదే, నన్ను అడగొద్దండి," అని మొహం తిప్పుకునేవాడు. తిట్టుకుంటూనే చేతులు చాపేవాళ్ళు. మొదటి చెయ్యి ఎప్పుడూ ఆయనదే. ఆయనకు మందు ఒకసారి పడింది కాబట్టి తర్వాత ఉత్తసూదే గుచ్చేదాన్ని, అయినా ప్రతి ఊర్లోనూ మొహం కొత్తగా చిట్లించేవాడు.

మనిషి పొడుగు. కాస్త ముందుకు వంగి నడిచేవాడు. తలకు ఎర్రపాగా, భుజాన తంబూర. దూదేకుల ఇంటి మనిషి. నమాజు విడిచేవాడు కాదు, కథ ఎత్తుకునే ముందు చౌడమ్మకు మొక్కడమూ మానేవాడు కాదు. "ఇద్దరికీ నాతో పనేమీ ల్యా నర్సమ్మా. నేనే పలకరిస్తాంటా," అనేవాడు.

ఎప్పుడు చూసినా అలిసిపోయి ఉండేవాడు. బండి ఎక్కితే నిట్టూర్పు, దిగితే నిట్టూర్పు. ఏ ఊరికి పోయినా ముందు కూర్చునే చోటు వెతుక్కునేవాడు. "కూచునేదానికి పుట్టినోన్నమ్మా. తిరిగేదే బతుకయిపాయ." మామూలుగా మాట్లాడితే గొంతు ఎంత సన్నమంటే పక్కనున్నవాళ్ళు తల వంచి వినాలి. కథలోకి దిగితే ఊరి చివరి ఇంట్లో పిల్లి కూడా ఉలిక్కిపడేది. అవి రెండూ ఒకే మనిషి గొంతులంటే తెలియనివాళ్ళు నమ్మేవాళ్ళు కాదు. ఉన్న గొంతునంతా కథకు దాచిపెట్టుకుంటున్నానని చెప్పేవాడు.

ఇంకొక అలవాటు. కథ చెబుతూ కూర్చున్నవాళ్ళ వైపు చూసేవాడు కాదు, లేచిపోయేవాళ్ళను చూసేవాడు. ఎందుకని అడిగాను. "కూచున్నోళ్ళు ఎందుకు కూచున్నారో దేవునికి గూడా తెలీదు. ఎండకో, నిద్రకో, పక్కన సుట్టముండాడనో. లేచిపోయేటోడు మాత్రం నిజం చెప్పి పోతాడమ్మా," అన్నాడు.

ఇక ఆ పద్ధతి. ఏ ఊరికి పోయినా దిగీదిగగానే పేర్లు అడిగేవాడు. ఈడ తిమ్మడనేటోడు ఉండాడా, ఈరమ్మ ఉండాదా, మస్తాను ఉండాడా అని. ఉన్నారంటే ఆ పేరు ఏ కథలోనూ రానిచ్చేవాడు కాదు. మొదట్లో ఆయన ఈ మహమ్మారి కథను మామూలు ఊరి కథగానే చెప్పేవాడట. ఆ కథలో సుంకన్న అనేవాడు చచ్చిపోతాడు. అది విన్న ఒక ఊర్లో నిజంగానే ఒక సుంకన్న ఉన్నాడు. కథ విన్న కొన్నాళ్ళకు జ్వరమొచ్చి పోయాడు. వాడి భార్య వెతుక్కుంటూ వచ్చి ఈయన ఎదుట కూర్చుంది. ఏడవలేదు, తిట్టలేదు. "మావాడు నీకేం అపకారం చేసినాడప్పా?" అని మాత్రం అడిగింది.

అప్పటినుంచి చచ్చేవాళ్ళకు ఊర్లో లేని పేర్లే పెట్టాలనుకున్నాడు. లేని పేరు ఎక్కడుంది? ఒక ఊర్లో లేకపోతే పక్క ఊర్లో ఉంటుంది. కథను ఊరినుంచి పట్నానికి మార్చాడు. మా అల్లుడు పట్నంలోనే ఉన్నాడని ఒకామె శోకం పెట్టింది. సముద్రం అవతలికి మార్చాడు. పట్టాళంలో మా తమ్ముడు అక్కడే ఉన్నాడన్నారు. చివరికి విసుగెత్తి ఊరు ఊరంతా ఎత్తి చుక్కల్లో పెట్టాడు. అదే చుక్కలూరు. అక్కడి మనుషులు తోలుతిత్తుల్లో గాలి మోసుకుని తిరుగుతారు, ఇనుపపక్షి మీద సంతకు పోతారు. వాళ్ళ పేర్లు గిరగిట, తుర్రం, టకుంభ. ఎవరూ నొచ్చుకోలేదు. "ఆడ మన సుట్టాలెవరూ లేరు గదా, నెమ్మదిగా సంపొచ్చు," అనేవాడు.

రష్యావాళ్ళు ఆకాశంలోకి గోళాన్ని పంపారని తర్వాత పేపర్లో చదివినప్పుడు నేను పెద్దగా ఆశ్చర్యపోలేదు.

బండిలో పోతూ ఆ కథ ఎలా కట్టాడో చెప్పేవాడు. నాకప్పుడు పడుచుదనం, నోరు ఊరుకునేది కాదు.

"రోగం బయటనుంచే రావల్ల నర్సమ్మా. మూట మోసుకొని ఒకడు వస్తాడు, వాడు వచ్చిన మర్నాడే మొదలు. వానికి మాత్రం తగల్దు."

"అదంతా అబద్ధం. రోగం మూటల్లో రాదు, తాగే నీళ్ళలోనే ఉంటుంది," అన్నాను.

"నీళ్ళంటే ఎవురు బయపడతారు తల్లీ? దాహమయితాది అంతే. రోగం నీ బావిలోనే ఉండాదంటే వాన్ని వాని ఇంట్లోనే కూచోని తిట్టినట్ల గదా? లేచిపోతారు."

"మరి ముందు చచ్చేది ఎప్పుడూ ఆ పిసినారి తుర్రమేనా?"

"మొదుట సచ్చేటోడు ఎవురికీ పట్టనోడు ఉండల్ల. అప్పుడు రొంత నవ్వుకుంటారు. రెండోది మంచోడు. అప్పటికి నవ్వినందుకు సిగ్గయితాది. ఆ సిగ్గు ఉండాదే, అది మనిషిని కదల్నియ్యదు."

"డాక్టరుకు ఎందుకు తగిలిస్తావు పాపం?"

"తగల్నోని మాట ఎవురు యింటారు? తానే తాగి, తానే పడిపోయి, తానే లేచినోని మందే మందు. అయితే డాక్టరును సంపకూడదమ్మా. సంపితే ఇంగ రేపటినుంచి ఎవురూ సూదికి చెయ్యి చాపరు."

ఇదీ ఆయన శాస్త్రం. నవ్వేదాన్ని. ఆ నీళ్ళ మాట ఆ రోజుల్లోనే ఇంకాస్త గట్టిగా పట్టుకుని ఉండాల్సిందని ఇప్పుడనుకుని ఏం లాభం? ఆయన వినేవాడూ కాదు, కథకు వచ్చినవాళ్ళు కూర్చునేవాళ్ళూ కాదు.

నాపరాళ్ళ గనుల పక్కన ఒక ఊరుంది. అక్కడా చుక్కలూరి కథ చెప్పాం. సగం మంది సూది వేయించుకున్నారు, సగం మంది తక్కిన కథ పక్కవాళ్ళను అడిగి తెలుసుకున్నారు. కొన్ని వారాలు గడిచాయి. ఒకరోజు పొద్దున ఆ ఊరి బండివాడు ఒకడు ఆస్పత్రి మెట్ల దగ్గరికి వచ్చి కూలబడ్డాడు.

"ఊరు కట్టినారు నర్సమ్మా. నన్ను లోపలికి పోనీల్యా."

ఊరు కట్టడం అంటే మా వైపు తెలుసు. జబ్బు తగిలితే పొలిమేర దారికి అడ్డంగా తుమ్మకంప లాగి, వేపమండలు కట్టి, కర్రలతో కావలి కూర్చుంటారు. లోపలివాళ్ళు బయటికి పోకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. ఊర్లో వాంతిభేది తగిలి వరసగా పోతున్నారని బండివాడు చెప్పాడు.

"గాజులమ్మే ఆమె ఒకామె మూట మోసుకొని వచ్చె. మర్నాడే మొదలాయ. గనికాడ గుడిసెలో ఆమెను పెట్టి కంప ఏసినారు. ఆమె మాత్రం రాయి మాదిరి ఉండాది. మన సాయిబు కతలో ఉండేదే గదా, మూటోనికి తగల్దని." వాడు మెట్ల మీదున్న ఆయన్ని మెచ్చుకోలుగా చూశాడు. "ఇంగోటి శవం లేస్తే గుడిసెకు అగ్గి పెట్టల్లని అనుకుంటాండారు."

ఆయన తంబూర పక్కన పెట్టాడు. ఆ మొహం నేను అంతకుముందు చూడలేదు. ఎప్పుడూ ఉండే అలసట కాదది. మా డాక్టరు గారు మందుల కోసం కర్నూలు పోయారు. తాలూకా కచేరీకి కబురు పెట్టాం కానీ, వాళ్ళ జీపు వచ్చినప్పుడే వచ్చినట్టు.

"పోదాం పా నర్సమ్మా," అన్నాడు ఆ సన్నటి గొంతుతో. "ముడి ఏసినోన్ని నేనే గదా, ఇప్పుకొస్తా."

సూదిమందు, బావుల్లో చల్లే తెల్లపొడి, రోగులకు గంజి కాచడానికి బియ్యం బండిలో వేసుకుని బయల్దేరాం. పొలిమేర దగ్గర కావలివాళ్ళు కర్రలు అడ్డం పెట్టారు. నన్ను చూసి గొణిగారు. ఆయన్ని చూడగానే మాత్రం కంప పక్కకు లాగారు. కథ చెప్పింది ఆయనే, అందులో ఉన్నట్టే అంతా జరిగింది, ఇంక ఆయనకు తెలియనిదేముంటుంది?

ఆ ఊరికి నీళ్ళన్నీ ఒక్క దిగుడుబావివే. మెట్లు దిగిపోయి కాళ్ళు కడుక్కుని అక్కడే కడవ ముంచుకుంటారు. రోగుల గుడ్డలు మెట్ల మీదే ఉతికారు. గాజులామె దగ్గరికి నేను ఒక్కసారి పోగలిగాను. నాపరాళ్ళ గోడల గుడిసె, పైన బోదగడ్డి కప్పు. రాళ్ళ సందులోంచి రొట్టె అందించాను. నా వయసుదే. ఆమెను ఊరిబావి ముట్టనియ్యకూడదని కావలివాడు పక్కన గనిగుంటలో ముంచిన నీళ్ళే లోపలికి తోస్తున్నాడు, వాడూ అవే తాగుతున్నాడు. ఇద్దరూ గుండులాగా ఉన్నారు. నేను పరుగున పోయి, ఊరిబావి నీళ్ళు తాగని ఆ ఇద్దరికీ ఏం కాలేదని పెద్దరెడ్డికి చెప్పాను. ఊర్లో ఆయన మాటే మాట.

"కావిలోడు మనోడమ్మా, వానికి దేవుని దయ ఉండాది," అన్నాడు పెద్దరెడ్డి. "ఆమె దాన్ని మోసేటి మనిషి. మోసేటోళ్ళకు తగల్దు. మీ సాయిబే చెప్పినాడు గదా."

ఆ పూటే మా కథలాయన చావిట్లో కూర్చుని చుక్కలూరి కథ మళ్ళీ ఎత్తుకున్నాడు. పట్టపగలు, నెత్తిన ఎండ, ఇంటింటా మూలుగులు. అయినా వచ్చారు. ఈసారి మూటవాడు ఏ పాపమూ ఎరగడు. రోగం చుక్కలూరి బావిలోనే పుట్టింది. మూటవాడే ఆ నీళ్ళు తాగి అందరికంటే ముందు చచ్చిపోయాడు. వాడికి గిరగిట అనో టకుంభ అనో పెట్టలేదు, తన పేరే పెట్టాడు. ఏ ఊర్లోనూ ఒక బతికున్న మనిషి పేరు కథలోకి రానియ్యనివాడు.

బావి మాట రాగానే ఒకడు లేచాడు. తర్వాత ఇద్దరు. "కత మార్చి చెప్తాండాడు. ఎవురో భయపెట్టినారు," అనుకుంటూ పోయారు. పెద్దరెడ్డి చివరిదాకా కూర్చుని, తుండుగుడ్డ దులుపుకుని, "ముందరిదే బాగుండె సాయిబూ," అని లేచాడు. చావిడి ఖాళీ అయింది.

"ఈపొద్దు అందరూ నిజం చెప్పి పోయినారు," అన్నాడాయన నాతో.

తర్వాత ఆయన చేసిన పని నాకు తెలిసుంటే ఆపేదాన్ని. అందరూ చూస్తుండగా దిగుడుబావి మెట్లు దిగి, దోసిట ముంచుకుని కడుపునిండా తాగాడు. "ఈ నీళ్ళలో ఉండాదో లేదో నన్ను చూసి తెలుసుకోండి," అని పైకొచ్చి గట్టు మీద కూర్చున్నాడు. ఊరంతా కన్ను ఆయన మీదే పెట్టింది. నేను భయంతో గంట గంటకూ నాడి చూశాను. ఆయనకేం కాలేదు. మర్నాడూ ఏం కాలేదు. పైగా ఆకలేస్తోందన్నాడు. సూదిమందు పని చేసిందో, ఆయన ఒంట్లో రోగం దిగడానికి చోటే లేదో నాకు తెలియదు.

"చూస్తివా, నీళ్ళు బంగారం మాదిరి ఉండాయి," అంది ఊరు.

ఆయన అంత చిన్నబోగా నేను ఎప్పుడూ చూడలేదు. చావు రాలేదని ఏడ్చే మనిషిని నా జన్మలో ఆ ఒక్కణ్ణే చూశాను. "కతలో అయితే ఈపాటికి పడిపోయిందును," అన్నాడు. అవతల పెద్దరెడ్డి ఇంట్లో చిన్నకోడలి నాడి నా వేళ్ళకు అందడం మానేస్తోంది. గని దగ్గర అప్పటికే ఎండుకంప పోగేస్తున్నారు.

తెల్లారి ఆ కోడలికి గంజి పోద్దామని చూస్తే కుండ ఖాళీ. ఎవరు తాగారా అని అటూ ఇటూ చూస్తున్నాను, బావి దగ్గర కేకలు వినబడ్డాయి. పరుగెత్తాను. ఆయన గట్టు మీద ముడుచుకుని పడున్నాడు. కాళ్ళు మెలితిరుగుతున్నాయి. కళ్ళు లోపలికి పోయాయి. నోట్లోంచి తెల్లగా, బియ్యం కడిగిన నీళ్ళలాగా వాంతి. ఎన్నో కేసులు చూసినదాన్ని, అచ్చం అదే. తల ఒళ్ళోకి తీసుకుని కన్నురెప్ప ఎత్తి చూశాను. ఆ కన్ను నన్ను చూసింది. రెప్ప నెమ్మదిగా ఒక్కసారి మూసి తెరిచాడు.

"గంజిలో ఉప్పు మరిసినావు," అన్నాడు, పెదవులు కదపకుండా.

నేను గట్టిగా ఏడ్చాను. ఆ ఏడుపు నటన కాదు. భయం దిగిపోయి వచ్చిన ఏడుపు. అది పనికొచ్చింది. పెద్దరెడ్డి వచ్చి, ఆ తెల్లటి వాంతి చూసి, బావిలోకి తొంగి చూసి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"బావిలోనే ఉండాదిరా," అన్నాడు.

ఇంక చూడాలి. దారికి అడ్డం వేసిన కంపను లాక్కొచ్చి బావి మెట్లకు అడ్డం వేశారు. కడవలన్నీ గనిగుంటకు నడిచాయి. కాచి తాగమన్నాను, సరేనన్నారు. తెల్లపొడి వేస్తానన్నాను, వేయమన్నారు. గుడిసె దగ్గర కావలి లేచిపోయింది. గాజులామె బయటికొచ్చి, మూట నెత్తిన పెట్టుకుని, ఎవరినీ చూడకుండా గుట్టదారిన పరుగు తీసింది. పెద్దరెడ్డి చిన్నకోడలు ఆ సాయంత్రం పోయింది. గుడిసె అప్పటికే ఖాళీ.

ఆయన్ని బండిలో పడుకోబెట్టాం, ఆస్పత్రికి తీసుకుపోవాలని. అప్పుడొచ్చింది అసలు కష్టం. రోగి వాడిన వస్తువులు ఊర్లో ఉంచకండి, కాల్చేయండి అని వచ్చినప్పటినుంచీ ఇంటింటికీ తిరిగి నేనే చెబుతున్నాను. అప్పుడు ఒక్కరూ వినలేదు. ఇప్పుడు విన్నారు. ఆయన కంబళి, పాగా, తంబూర తెచ్చి గనికాడి కంప మీద పడేశారు.

"ఆగండి, అది కట్టె కదా, కడిగితే చాలు," అన్నాను.

"నువ్వే గదమ్మా ఏదీ ఉంచొద్దంటివి," అన్నారు.

ఆ తంబూర ఆయన తండ్రి చేతినుంచి వచ్చింది. ఆయనకు ఒళ్ళు, గొంతు, తిండి అన్నీ అదే. లేచి ఒక్క మాటంటే ఆగేది. లేస్తే బావి మీది కంప కూడా లేస్తుంది. బండిలో పడుకుని సగం మూసిన కళ్ళతో చూశాడు. మంటలో తంబూర బుర్ర పగిలినప్పుడు చిన్న శబ్దం వచ్చింది. నా చెయ్యి పట్టుకుని నొక్కాడు, ఆ వేళ్ళ గుర్తులు చాలాసేపు పోలేదు. బండి కదిలింది. నేను రోగుల కోసం ఊర్లోనే ఉండిపోయాను.

ఆ ఊరు మెల్లగా తేరుకుంది. సాయిబు దారిలోనే పోయాడని చుట్టుపక్కలంతా చెప్పుకున్నారు. మేం కాదనలేదు. బతికున్నాడని తెలిస్తే బావిమీది కంప లాగేస్తారు. కాబట్టి ఆయన చచ్చిపోయినట్టే ఉండాలి. మా డాక్టరు గారు ఆస్పత్రిలోనే పనిచ్చారు, నీళ్ళు కాచడం, కట్టుగుడ్డలు ఉతకడం. తల గొరిగించుకున్నాడు, పాగా మళ్ళీ కట్టలేదు. ఆయనెవరో తెలియని రోగులు పడుకోలేక ఏదైనా కథ చెప్పమంటే, "చుక్కలూరు ఖాళీ అయిపాయనప్పా," అని పక్క మంచం దగ్గరికి పోయేవాడు. ఆ పెద్ద గొంతు నేను మళ్ళీ వినలేదు. "డాక్టరును సంపకూడదని అందరికీ చెప్పినా. నేనే సంపేస్తి," అని తన గుండెను వేలితో చూపించుకుని ఒకసారి మాత్రం నవ్వాడు.

మరుసటి ఏడు మందుల పని మీద ఇద్దరం కర్నూలు పెద్దాస్పత్రికి పోయాం. తిరుగు బస్సు కోసం చెట్టుకింద కూర్చుని ఉంటే, నెత్తిన మూటతో ఒకామె వచ్చి నా ఎదుట ఆగింది.

"నువ్వు రాళ్ళ సందులో రొట్టె ఇచ్చినామెవి గదా?"

గాజులామె. మూట దించి నా పక్కన కూర్చుంది. వద్దన్నా వినకుండా నా చెయ్యి లాక్కుని పచ్చగాజులు ఏరింది. వెల మాట ఎత్తితే నోరు మూయించింది. నా బొటనవేలు మడిచి, గాజు మెల్లగా ఎక్కిస్తూ అడిగింది.

"ఆ కత చెప్పిన సాయిబు సచ్చినాడంట గదమ్మా?"

నేను నోరు తెరిచేలోపే పక్కనుంచి ఆ సన్నటి గొంతు, "సచ్చినాడు తల్లీ," అంది.

"మంచిపనాయ. నన్ను బతికుండగానే కాల్చేదానికి కత కట్టినాడు ఆ పాపిష్టోడు. గుక్కెడు నీళ్ళు పోసేటోళ్ళు లేకుండా సావల్లని ఆ గుడిసెలో కూచోని రోజూ మొక్కుకుంటి."

"అట్లనే సచ్చినాడు తల్లీ," అన్నాడాయన.

నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. చెప్పేద్దామని ఆమె వైపు తిరిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె ఊరూరూ తిరిగే మనిషి. ఆమె నోట ఆ మాట పడితే ఆ గనుల ఊరిదాకా పోకుండా ఉండదు. ఊరుకున్నాను.

ఆమె రెండో చేతికీ గాజులు నింపి, మూట కట్టుకుని లేచింది. పోతూ పోతూ ఆయన్ని ఒకసారి ఎగాదిగా చూసింది. గొరిగిన తల, వంగిన భుజాలు, ఒళ్ళో మందుల పెట్టె.

"ఎవురమ్మా ఈ పెద్దాయన? మీ నాయనా?"

"ఔ," అన్నాను. "మా నాయన."